నల్లగుడ్డ కింద మూడు రోజులు

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది.

అశోక్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు. ఉమాకాంత్ తన అక్వేరియం మీద కప్పిన నల్లగుడ్డ లాగాడు.

ఎనిమిది రొయ్యలు చచ్చి ఇసుకలో పడి ఉన్నాయి. ఆరేళ్లుగా ఆయన పెంచిన పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. నాలుగు చేపలు మాత్రం ఒక మూలకు చేరి ఆయాసపడుతున్నాయి.

ఒంటిగంటా ముప్ఫై ఒకటికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పదిహేడు ఫొటోలు పడ్డాయి. వాటి కింద పనిమనిషి కురుమమ్మ ఫొటో, ఒక వాక్యం. "ఈమె మా ట్యాంక్‌లో మైలుతుత్తం కలిపింది, అందరూ జాగ్రత్త."

సాయంత్రానికల్లా ఆ అపార్ట్‌మెంట్‌లో నాలుగు ఇళ్లవాళ్లు ఆమెను పని మానిపించారు. గేటు దాటి రానివ్వొద్దని సెక్రటరీ జగదీశ్వర్ హుకుం జారీ చేశాడు. పదకొండేళ్లు గిన్నెలు తోమి సంపాదించుకున్న మంచిపేరు ఒక్క పూటలో పోయింది.

కురుమమ్మ ఊడ్చే ఐదో చోటు చిక్కడపల్లిలో ఉంది. టిఫిన్ సెంటర్ పైన ఒక గది. అది సంధ్య ఆఫీసు. సంధ్య తొమ్మిదేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, విసుగెత్తి, ప్రైవేట్ డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఆ బోర్డు చూసి వచ్చేవాళ్ల కంటే కింద ఇడ్లీ తినడానికి వచ్చి దారి తప్పేవాళ్లే ఎక్కువ.

శుక్రవారం ఉదయం తొమ్మిది. కురుమమ్మ చీపురు పట్టలేదు. వచ్చి క్లయింట్ల కుర్చీలో కూర్చుంది.

"అమ్మా, ఇయ్యాల ఊడ్వ. నా కేసు పట్టాలె."

అంతా విన్నాక సంధ్య సూటిగా అడిగింది. "మైలుతుత్తం ఏసినవా?"

"ఎయ్యలే."

"మరి ఆ పేరెందుకొచ్చింది?"

"నెల కింద నేనే అన్న. మా ఊర్ల బర్ల తొట్టిల పాచి పడితే జరంత ఏస్తం, పోతది అని. సారు నవ్విన్రు. అండ్ల రాగి ఉంటది, ఉప్పునీళ్ల ట్యాంక్‌ల ఏస్తే అన్నీ సస్తయ్ అన్నరు. మళ్ల ఆ మాటెత్తలే."

"సారు మీద కోపముందా?"

"కోపమా? గీ గాజు గీకుడు, ఉప్పు కలుపుడు అన్నీ ఆయనే నేర్పిన్రు. సారుకు ఆపరేషన్ అయినప్పుడు నలభై దినాలు ట్యాంక్‌ను నేనే సూసిన. నేనే చేసిన అని నమ్మి తిట్టిన్రమ్మా. గంతే."

ఆమె గొంతులో ఉమాకాంత్ మీద ఇంకా గౌరవమే ఉంది. సంధ్యకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

సాయంత్రం అయిదున్నరకు సంధ్య ఉమాకాంత్ ఫ్లాట్‌లో ఉంది. ఆయన హిమాయత్‌నగర్‌లో బ్యాంకు ఆఫీసరు. అక్వేరియంల పిచ్చి ఉన్నవాళ్లందరికీ గురువు లాంటివాడు. మందులు వాడకుండా పాచిని ఎలా అదుపు చేయాలో ఆయన చెబుతుంటే వినడానికి ఊరంతా వస్తుంది. ఆ ఆదివారం సాయంత్రం కూడా పద్నాలుగు మంది రావాల్సి ఉంది. ఈ లోపు ఆయన ట్యాంక్‌లోనే జుట్టు పెరిగినట్టు పచ్చగా పాచి పెరిగింది.

"నల్లగుడ్డ ఎందుకు కప్పిన్రు?"

"వెలుతురు లేకపోతే పాచి చస్తది. మూడు రోజులు మూసిపెట్టాలె. ఆదివారం రాత్రి ఏడింటికి కప్పిన."

"మధ్యలో తీసి చూసిన్రా?"

"లేదు."

"కురుమమ్మ ఒక్కతే ఎప్పుడుంది?"

"మంగళవారం. పది నుంచి పదకొండున్నర. నేను ఆఫీసుల ఉన్న, మా ఆవిడ స్కూల్ల ఉంది."

"నీళ్లల్ల రాగి ఉందని ఎట్ల తెలిసింది?"

"టెస్ట్ కిట్ ఉంది. మైలుతుత్తమంటే రాగే కద."

"ఫొటోలు తీసేముందు లోపల ఏమన్న ముట్టుకున్నరా?"

"వేలు కూడా పెట్టలే మేడం. సాక్ష్యం చెడిపోతదని నాకు తెల్వదా?"

భార్య ఉదయశ్రీ టీ తెచ్చింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. "కురుమమ్మ గట్ల చేస్తదని నేనైతే అనుకోలేదు" అంది. భర్త ఆమె వైపు చూడలేదు.

కింద సెక్రటరీ జగదీశ్వర్ ఎదురయ్యాడు. "నిప్పు లేనిదే పొగ రాదు మేడం" అన్నాడు, అదేదో తానే కనిపెట్టినట్టు.

గేటు బయట కురుమమ్మ నిలబడి ఉంది. సంధ్య దగ్గర ఇంకా ఏ ఆధారమూ లేదు. ఊరికే నడుస్తూ అడిగింది.

"రోజూ ట్యాంక్ కాడ ఏం పని చేస్తవు?"

"గాజు గీకుత. తగ్గిన కాడికి ఆర్వో నీళ్లు పోస్త. నత్తలు లెక్కబెడ్త."

సంధ్య ఆగింది. "నత్తలెందుకు?"

"పాచి తినేటియ్యి అవే గద. నలభై రెండు ఉండాలె. ఒక్కటి సచ్చినా తీసెయ్యాలె, లేకుంటే నీళ్లు ఖరాబైతయ్. ఆదివారం పొద్దుగాల లెక్కబెట్టిన. గంతే ఉన్నయ్. సాయంత్రం నించి గుడ్డ కప్పిన్రు. ముట్టొద్దన్నరు."

సంధ్య ఫోన్ తీసింది. పదిహేడు ఫొటోలూ పెద్దవి చేసి చూసింది. రొయ్యలు, పగడాలు, పసుపుపచ్చగా మారిన పాచి, చేపలు. మళ్లీ మొదటినుంచి చూసింది.

శనివారం ఉదయం పదకొండు. నారాయణగూడలో, ఉమాకాంత్ ఎప్పుడూ కొనే అక్వేరియం సామాన్ల షాపు. యజమాని నవీన్‌ను ఆమె అడిగిన ప్రశ్నలు నాలుగే. జవాబులు విన్నాక ఒక బిల్లు కాపీ తీసుకుని బ్యాగులో పెట్టుకుంది.

ఆదివారం ఉదయం పది. ఉమాకాంత్ హాల్లో అయిదుగురు. ఉమాకాంత్, ఉదయశ్రీ, జగదీశ్వర్, సంధ్య. తలుపు దగ్గర, సంధ్య వెంట వచ్చిన కురుమమ్మ. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చచ్చినవేందో అందరం చూసినం" అంది సంధ్య. "చావకుండా పోయినవి ఎవ్వరం చూడలే. ఈ ట్యాంక్‌ల నలభై రెండు నత్తలుండె. రాగి పడితే రొయ్యలతో పాటు నత్తలూ చస్తయ్. చచ్చినా వాటి గుల్ల యాడికి పోదు, ఇసుకల్నే ఉంటది. పదిహేడు ఫొటోల్ల ఒక్క గుల్ల లేదు."

జగదీశ్వర్ కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఈమె ఎత్తుకపోయిందేమో?"

"అవి నారాయణగూడల నవీన్ షాపుల ఉన్నయ్. నిన్న నేనే చూసిన. పోయిన ఆదివారం సాయంత్రం ఆరూ ఇరవైకి, గుడ్డ కప్పడానికి నలభై నిమిషాల ముందు, లెక్కబెట్టి మరీ అక్కడ ఉంచింది ఉమాకాంత్ సారు."

సంధ్య బ్యాగులోంచి బిల్లు తీసింది.

"అప్పుడే ఒక బాటిల్ కూడా కొన్నరు. పాచి మందు. రాగి ఉంటది, పగడాల ట్యాంక్‌కు వద్దు అని నవీన్ చెప్పిండు. బావ ఇంట్ల మంచినీళ్ల చేపల ట్యాంక్‌కు అని సారు అన్నరు. ఇదీ బిల్లు. నీళ్లు విషమైతయని ముందే తెలిసినోళ్లే నత్తలను ముందే తీస్తరు."

ఉదయశ్రీ భర్త వైపు తిరిగింది. "నీకు బావ యాడున్నడు?"

ఉమాకాంత్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు.

"సగం మోతాదైతే పగడాలు తట్టుకుంటయని ఒక వీడియోల చూసిన. నత్తలైతే దానికీ ఆగవు. పద్నాలుగు మంది వస్తున్నరు. మందులొద్దని ఊరంతా చెప్పి, నా ట్యాంక్‌ల గంత పాచి పెట్టుకుని ఏం మొహం చూపియ్యాలె? సోమవారం రాత్రి గుడ్డ ఎత్తి చూస్తే పాచి అట్లనే ఉంది. ఇంకో రెండు మూతలు పోసిన. బుధవారం చూసినంక ఏం చెప్పాల్నో తోచలే. కురుమమ్మ అన్న మాట యాదికొచ్చింది."

సంధ్య తన సర్వీసులో చాలా అబద్ధాలు చూసింది. చాలావరకు ఆశకో, అవసరానికో పుట్టినవి. పద్నాలుగు మంది ముందు చిన్నబోకూడదని ఒక మనిషి బతుకు మీద ఇంత మట్టి పోయడం చూసి ఆమెకు ఒళ్లు మండింది.

"పొరపాటైంది కురుమమ్మా" అన్నాడు ఉమాకాంత్. "రేపటి నుంచి పనికి రా. జర ఈ ముచ్చట మనలో మనకే ఉండనీ."

కురుమమ్మ కదల్లేదు. "గ్రూపుల రాయుండ్రి."

ఉమాకాంత్ టైప్ చేశాడు. ఉదయశ్రీ ఫోన్ లాక్కుని పైకి చదివింది. "పొరపాటు జరిగింది. కురుమమ్మ తప్పు లేదు."

"ఎవరు చేసిన్రో రాయలే" అంది కురుమమ్మ.

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఫోన్ తిరిగి ఆయన చేతిలో పెట్టింది. ఈసారి తన పేరు రాశాడు. జగదీశ్వర్ జేబులో ఫోన్ చప్పుడు చేసింది. అతను దాన్ని తీసి చూడకుండా నేల చూపులు చూశాడు.

కురుమమ్మ చెప్పులేసుకుంది. గుమ్మం అవతలికి వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగింది.

"నాలుగు దినాల సంది ఒక్కటే అనుకున్న సారు. నేనే చేసిన అని మీరు నమ్మిన్రు, నమ్మి తిట్టిన్రు, పోనీ అనుకున్న. ఎవరన్న నమ్మితే కోపమొస్తది గద. మీరు నమ్మనే లేదు. నేను చెయ్యలేదని ఈ అపార్ట్‌మెంట్ మొత్తంల మీ ఒక్కరికే తెలుసు."

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.