ఉపవాక్యంలో బ్యాగు

"శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ నుంచి డ్రోన్ చిప్ డిజైన్ పోయింది. సాయంత్రానికి దేశం దాటుతుంది," అంది చీఫ్ ప్రసన్నకుమారి. తిరుపతి ఆఫీసు తెర మీద విదేశీ ముఠా మెసేజ్ ఉంది.

"అమ్మ ఈజ్ హ్యాపీ వెన్ ద బ్యాగ్ రీచెస్ ద హిల్. అంకుల్, హూ హ్యాజ్ షేవ్డ్ హిజ్ హెడ్, లైక్స్ మ్యాంగోస్. కుక్ రైస్ బిఫోర్ ద చెన్నై బస్ లీవ్స్."

ఏజెంట్ గిరికి అమ్మ, మామిడిపండ్లు, అన్నమే కనిపించాయి.

లోహిత లేచింది. ముఠాలో చేరి మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె లేస్తే మగవాళ్ళు కుర్చీల్లో సర్దుకుంటారు.

"సొంతంగా నిలబడే వాక్యం చెత్త. దాన్ని ఆనుకొని ఉండే ఉపవాక్యం, సబార్డినేట్ క్లాజ్, అదే సందేశం. వెన్, హూ, బిఫోర్ దగ్గర సూడండి."

"బ్యాగు కొండకు పోతాది. గుండాయన తీసుకుంటాడు. చెన్నై బస్సు కదిలేలోపల," అన్నాడు ఇంకో ఏజెంట్ మునికుమార్.

లోహిత నవ్వింది, అతన్ని చూసి.

"యాడ నేర్చుకున్నావబ్బా?" అన్నాడు గిరి.

"లోహిత నేర్పించింది. ఆదివారాల్లో."

గిరి టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

నడిచి కొండెక్కేవాళ్ళు అలిపిరిలో సామాను అప్పగించి, టోకెన్ తీసుకుని, పైన కౌంటర్లో విడిపించుకుంటారు. చీఫ్ పనులు పంచింది. లోహిత, మునికుమార్ కొత్త దంపతుల వేషంలో మెట్లెక్కాలి. గిరి గుండు చేయించుకుని పైన కాపు కాయాలి.

"గుండు నాకేనా మేడం?"

"మునికుమార్ పెళ్ళికొడుకు కదయ్యా."

పైన కౌంటర్ దగ్గర ఎటు చూసినా గుండ్లు, గంధం.

"ఎవరైనా అనుమానంగా ఉన్నారా?" ఇయర్‌పీస్‌లో చీఫ్.

"అందరూ నాలాగే ఉండారు మేడం."

దంపతులు వచ్చారు. మెట్లు అయిపోయినా మునికుమార్ ఆమె చెయ్యి వదల్లేదు. గిరి చూపు దించుకున్నాడు. వాళ్ళ పాదాలు కనిపించాయి. మొక్కున్న భక్తులు మెట్టుమెట్టుకూ పెట్టిన పసుపు, కుంకుమ ఇద్దరికీ ఒకేలా అంటుకుంది. అదీ చూడలేక పక్కకు చూశాడు.

పక్కన ఇంకో జత పాదాలు. కుంకుమ లేదు, దుమ్ము లేదు. పైన గుండు. చేతిలో నడకదారి టోకెన్. సిబ్బంది బ్యాగు ముందుకు తోశారు. అవతల చెన్నై బస్సు స్టార్టయింది.

గిరి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఎగిరొచ్చినావా?"

బ్యాగులో తువ్వాలు మడతలో పెన్‌డ్రైవ్ దొరికింది. డిజైన్ అందులోనే ఉంది.

మర్నాడు గిరి ఇంగ్లీషులో రిపోర్ట్ ఇచ్చాడు. ఒకటే వాక్యం: "ఐ కాట్ హిమ్."

లోహిత దాని కింద పెన్సిల్‌తో "బికాజ్?" అని రాసి చూపించింది. "కాళ్ళెందుకు సూసినావు గిరీ?"

"దాచాల్సింది ఆ క్లాజులోనే ఉంటాదని నువ్వే గదా సెప్పినావు," అని గిరి గుండు మీద టోపీ పెట్టుకున్నాడు.