ఆరో ఎర్ర రిబ్బన్

"గద్దా! ఒరేయ్ గద్దా!"

పొగమంచులోంచి పిలుపు వచ్చింది. పెట్రోలు బండి పక్కన గొట్టం చుట్టుకుంటున్న గద్ద తల ఎత్తకుండానే "ఆఁ, వస్తున్నా సార్" అన్నాడు. అలవాటు. రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆ గొంతు అలాగే పిలిచేది, వీడు అలాగే పలికేవాడు. గొట్టం ఇంకో చుట్టు చుట్టాక గాని వాడికి గుర్తు రాలేదు... ఆ గొంతు గల మనిషి పోయి మూడు నెలలైందని.

చేతిలోని గొట్టం జారి కింద పడింది.

అది చిన్న విమానాశ్రయం. ఒక రన్‌వే, విమానాలు నిలిపే ఒక హ్యాంగర్, టికెట్ల కౌంటర్ ఉన్న రేకుల గది, రన్‌వే చివర రెల్లు పెరిగిన బురదనేల. పెద్ద విమానాలు ఇక్కడ దిగవు. ఎక్కడో పైన తెల్లటి గీత గీసుకుంటూ వెళ్ళిపోతాయి. ఇక్కడ వాలేవి ఆరుగురు కూర్చునే బుల్లి విమానాలే. అయినా గద్దకి అవే రాజహంసలు. తెల్లవారుజామున రెక్కల మీద మంచు బొట్లు నిలిచి ఉంటే ముత్యాలు పోసినట్టుందనుకునేవాడు. చక్రం నేలని వదిలే ఆ ఒక్క క్షణం వాడి గుండెలో ఏదో ముడి విడిపోయేది. చూసిన ప్రతి విమానం తోక మీది నంబరూ నోటుబుక్కులో రాసుకునేవాడు. ఎప్పుడూ ఆకాశంలోకి చూస్తూ నడుస్తాడని ఆ పేరు పెట్టింది ఆ గొంతు మనిషే, విమానం నడిపే కెప్టెన్ గారు. "గద్దలన్నీ పైనుంచి కిందికి చూస్తాయిరా. కిందనుంచి పైకి చూసే గద్దవి నువ్వొక్కడివే" అని పగలబడి నవ్వేవారు.

ఈ పిచ్చి అంటించింది మామ. అమ్మ పోయాక ఏడేళ్ళవాణ్ణి తెచ్చి పెంచింది మామా అత్తా. మామ ఇదే హ్యాంగర్‌లో ఇరవై రెండేళ్ళుగా మెకానిక్కు. మామా అల్లుళ్ళకి ఒక ఆట ఉండేది. పైన విమానం మోత వినపడగానే తలెత్తకుండా కళ్ళు మూసుకుని అది ఏ రకమో చెప్పాలి. ఓడినవాడు టీ పెట్టాలి. "ఇంటి కప్పు కారుతోంది మొర్రో అంటే ఇద్దరికీ వినపడదు. ఆరు మైళ్ళ పైన ఏదో బుర్రుమంటే మాత్రం చెవులు నిక్కబొడుచుకుంటాయి" అని అత్త దెప్పేది.

మామ పనిలో ఒక పద్ధతి ఉంది. రాత్రిళ్ళు విమానం నిలిపి ఉంచినప్పుడు ఆరు చోట్ల తొడుగులూ మూతలూ పెడతారు, దుమ్మూ కందిరీగలూ దూరకుండా. ఒక్కోదానికీ ఒక ఎర్ర రిబ్బన్ వేలాడుతుంది, 'ఎగిరే ముందు తీయాలి' అని తెల్లటి అక్షరాలతో. పొద్దున్నే మామ ఒక్కొక్కటీ తీసి ఎడమ చేతి మీద వేసుకుంటాడు. చివర్లో లెక్కపెడతాడు. "కన్ను ఎరుపుని వెతుకుతుందిరా, వస్తువుని కాదు. ఎరుపు లేకపోతే ఏమీ లేదనుకుంటుంది. అందుకే చేత్తో లెక్కపెట్టాలి" అనేవాడు.

అలాంటి రిబ్బన్లంటే గద్దకి ప్రాణం. రేకు డబ్బాలో పదకొండు దాచుకున్నాడు. టికెట్ల కౌంటర్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి ఒకసారి గొప్పగా చూపించాడు కూడా. ఆ అమ్మాయి వేలితో అటూ ఇటూ తిప్పి చూసి నవ్వేసింది.

"ఇవి గేటు బయట దుకాణంలో తాళంచెవులకి అమ్మేవి కదండీ! నిజంగా ఎగిరింది ఒక్కటీ లేదా?"

ఆ నవ్వు వాడికి ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రమే మంచు దిగుతుండగా, కెప్టెన్ గారి విమానం ఎడమ రెక్క కింద వంగి, బ్లేడుతో ఒక రిబ్బన్ కోసేశాడు. కౌంటర్ మూసేలోగా తీసుకెళ్ళి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. విమానం వేగం చెప్పే గొట్టానిది ఆ రిబ్బన్. ఆ గొట్టం చూపుడు వేలంత ఉంటుంది, అందులోకి గాలి దూరితేనే లోపల వేగం చూపే ముల్లు కదులుతుంది. ఇప్పుడు దాని మీద నల్ల తొడుగు ఒక్కటే మిగిలింది. పొద్దున్నే మామ కంటే ముందు వెళ్ళి ఆ తొడుగు నేనే తీసేస్తాలే, రిబ్బన్ ఎక్కడో తెగి పడిపోయిందనుకుంటారు, అనుకున్నాడు.

పొద్దున వెళ్ళేసరికి మామ అప్పటికే పనిలో ఉన్నాడు. చేతి మీద ఐదు రిబ్బన్లు. లెక్కపెట్టబోతున్నాడు. సరిగ్గా అప్పుడే మంచు పైన ఎక్కడో ఒక మోత.

"మామా, కళ్ళు మూసుకో! అదేంటో చెప్పు చూద్దాం!"

మామ నవ్వి కళ్ళు మూసుకున్నాడు. నాలుగు ఇంజన్లన్నాడు. గద్ద కాదు రెండే అన్నాడు. పందెం గద్దే గెలిచాడు. "ఓడిపోయానురా అల్లుడూ, పద టీ పెడతా" అంటూ మామ రిబ్బన్లు సంచిలో పడేశాడు. మామని ఓడించిన సంబరంలో గద్ద... తొడుగు సంగతే మర్చిపోయాడు.

కెప్టెన్ గారూ చుట్టూ తిరిగి చూసుకున్నారు. ఎక్కడా ఎరుపు కనపడలేదు. ఒక్కరే ఎక్కారు. మంచులోకి లేచారు. తొడుగు కింద వేగం ముల్లు కదలనే లేదు. రన్‌వే చివర రెల్లులోకి కూలిపోయారు.

తొడుగు బురదలో దొరికింది. విమానం కూలినప్పుడు రిబ్బన్ తెగిపోయి ఉంటుందన్నారు విచారణవాళ్ళు. తప్పంతా తొడుగు తీయని మెకానిక్కుదే అని తేల్చారు. మామ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ రోజు నుంచీ కుర్చీలో కూర్చుని తన చేతులు తను చూసుకుంటూ "ఈ చేత్తోనేరా" అంటాడు. కౌంటర్ అమ్మాయి రిబ్బన్ తెచ్చి గద్ద ముందు పెట్టి, "ఇది నాకొద్దండీ" అని, మొహం కేసి చూడకుండా వెళ్ళిపోయింది. గద్ద దానికి రాయి కట్టి రెల్లు బురదలో విసిరేశాడు. తరవాత తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. మామ పెట్టిన కూడు తింటూ, మామ పక్కనే కూర్చుని, మూడు నెలలు... నోరు తెరిచిన ప్రతిసారీ ముద్ద పెట్టుకోవడానికే తెరిచాడు.

ఈ రోజు పదింటికి మామ విచారణవాళ్ళ కాగితం మీద సంతకం పెట్టాలి. తప్పు నాదే, ఇక జన్మలో విమానం మీద చెయ్యి వేయను, అని ఆ కాగితంలో ఉంది.

*

"గద్దా..."

ఈసారి పిలుపు దగ్గరగా వినపడింది.

పాత విమానానికి బదులుగా తెచ్చిన కొత్తది పదడుగుల దూరంలో ఉంది. మంచులో దాని ముక్కు ఒక్కటే కనపడుతోంది. తొడుగులన్నీ ఇంకా దాని మీదే ఉన్నాయి. పెట్రోలు వాసన. దాని కింద ఇంకో వాసన... తడి రెల్లు, కుళ్ళిన బురద.

అప్పుడు వినపడింది. రేకు మీద అరచెయ్యి జరుగుతున్న చప్పుడు. సుయ్... సుయ్... ఎవరో విమానం ఒళ్ళంతా తడుముతూ నెమ్మదిగా చుట్టూ తిరుగుతున్నారు. అడుగు తీసినప్పుడల్లా బూటులో నీళ్ళు చప్పుడవుతున్నాయి.

"ఒకటి..."

తోక వైపు నుంచి.

"రెండు... మూడు..."

కుడి రెక్క. గద్ద కదలాలనుకున్నాడు. పెట్రోలు బండి అంచు పట్టుకుని అక్కడే ఉండిపోయాడు.

"నాలుగు... ఐదు..."

ఎడమ రెక్క దగ్గర అడుగులు ఆగాయి. చాలాసేపు ఆగాయి. మంచు కొంచెం పలచబడింది. మొహం కనపడలేదు. తెల్ల చొక్కా చెయ్యి ఒక్కటి కనపడింది, అంచున బంగారు చారలు, వాటి మీంచి నీళ్ళు కారుతున్నాయి. అక్కడ వేలాడుతున్న కొత్త రిబ్బన్‌ని దాటి, ఆ చెయ్యి రెక్క కింద గాలిలో వెతుకుతోంది. గుడ్డివాడు తలుపు గొళ్ళెం కోసం వెతికినట్టు...

"ఒకటి తక్కువైందిరా."

గొంతులో కోపం లేదు. అదే వాడికి ఇంకా భయంగా ఉంది. తిట్టి ఉంటే బాగుండేది.

"మళ్ళీ మొదట్నుంచి చూస్తాను. నేనే లెక్క తప్పానేమో."

సుయ్... సుయ్... "ఒకటి..."

గద్దకి ఏడుపొచ్చింది. చచ్చిపోయాక కూడా ఆ మనిషి తన లెక్కనే అనుమానించుకుంటున్నాడు. అక్కడ మామ తన చేతిని అనుమానించుకుంటున్నాడు. అనుమానం రావాల్సిన వాడు మాత్రం ఇక్కడ బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"సార్..." గుసగుసగా అన్నాడు. "సార్, అది..."

అడుగులు ఆగాయి.

"మీ మామ ఎన్నింటికి సంతకం పెడుతున్నాడు?"

"ప... పదింటికి సార్."

"అయితే టైముంది."

బూట్ల చప్పుడు మంచులో దూరమైంది. రన్‌వే వైపు కాదు. గేటు వైపు. ఇంటికి వెళ్ళే దారి వైపు...

గద్ద సైకిలెక్కాడు. ఎలా తొక్కాడో వాడికే తెలియదు. దారి పొడుగునా ముందు ఎవరో నడుస్తున్నట్టే ఉంది. చప్పుడు ఉంది, మనిషి లేడు. ఎంత తొక్కినా ఆ చప్పుడు వాడికి పది అడుగుల ముందే ఉంది. మలుపు తిరిగాక అదీ వినపడలేదు.

ఇంటి తలుపు బార్లా తీసి ఉంది.

మామ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఉతికిన చొక్కా, జేబులో పెన్ను. ఎడమ చెయ్యి మడిచి అలాగే పట్టుకున్నాడు, ఇరవై రెండేళ్ళు ప్రతి పొద్దునా పట్టుకున్నట్టే. ఆ చేతి మీద ఎర్ర రిబ్బన్ వేలాడుతోంది. తడిగా. బురదతో. ఒక కొస బ్లేడుతో కోసినట్టు తిన్నగా ఉంది.

"ఎవరో తలుపు కొట్టారురా" అన్నాడు మామ మెల్లగా. "తీస్తే మంచు తప్ప ఏమీ కనపడలేదు. ఒక చెయ్యి మాత్రం లోపలికొచ్చి ఇది నా చేతి మీద వేసింది. 'ఆరు. మిగతాది గద్ద చెప్తాడు' అన్నారు. తెలిసిన గొంతులాగే ఉందిరా..."

"ఏం చెప్పారు మామా ఇంకా?"

"ఏమీ లేదు. వెళ్ళిపోయారు."

వంటింట్లోంచి అత్త కేకేసింది. "ఎవరండీ వచ్చింది? ఇప్పుడే తుడిచాను, గదంతా బురద చేశారు!"

గద్ద కిందికి చూశాడు. గడప దగ్గర మొదలైన బూటు అడుగులు గది మధ్య వరకూ వచ్చాయి. మామ కుర్చీ వెనకగా తిరిగి బల్లకి అటువైపు వెళ్ళాయి. రోజూ గద్ద కూర్చుని అన్నం తినే కుర్చీ కొంచెం వెనక్కి జరిపి ఉంది. దాని కూర్చునే పలక మీంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కా నేల మీద పడుతున్నాయి. టప్... టప్...

తిరిగి గడప వైపు వెళ్ళిన అడుగు ఒక్కటీ లేదు.

"ఏంట్రా అది?" అన్నాడు మామ. "అలా అయిపోయావేంటి? మిగతాదంటే ఏంట్రా?"

గద్ద కూర్చోలేదు. కూర్చోవడానికి చోటు లేదు. ఖాళీ కుర్చీ వైపు చూడకుండా వచ్చి మామ కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. నోరు తెరిచాడు. మూడు నెలల్లో మొదటిసారి, ముద్ద కోసం కాకుండా.

"సంతకం పెట్టకు మామా. ఆ రిబ్బన్ కోసింది నేను. ఒక అమ్మాయి దగ్గర గొప్ప కోసం కోశాను. తొడుగు నేనే తీసేద్దామనుకున్నా. నువ్వు లెక్కపెడుతుంటే, దొరికిపోతానని భయమేసి మోత వినమని నీ కళ్ళు మూయించా. పందెం గెలిచి మర్చిపోయా... నీ చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు మామా. ఇదిగో, ఈ చెయ్యి చేసింది."