దొంగచూపుల లెన్స్

వరంగల్‌లో రైలెక్కిన మనిషి కాజీపేట చేరేసరికి శవమయ్యాడు.

కిటికీ పక్క సీటు. చేతిలో సగం తాగిన టీ. అందులో సైనైడ్. పక్కనున్న తోలు సంచిని ఎవరో నిలువునా కోసి, అణువణువూ వెతికి పోయారు. వాళ్లు ముట్టుకోనిది ఒక్క టిఫిన్ క్యారియర్‌నే. దాని అడుగు గిన్నెలో, పులిహోర కింద, ఓ నల్లటి లోహపు గొట్టం దొరికింది.

"పోయింది మనవాడే. ఏజెంట్ కొమురెల్లి," అన్నాడు చీఫ్, ఆ గొట్టాన్ని టేబుల్ మీద దొర్లిస్తూ.

అది 1981. సెక్షన్ నైన్ హైదరాబాద్ ఆఫీసు, బయటినుంచి చూసేవాళ్లకు టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్.

ఏజెంట్ మల్లికార్జున్ గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నాడు. జానెడు పొడవు కూడా లేదు. ఒక కొనకు మర, రెండో కొనకు గాజు. కన్ను పెట్టి చూస్తే కటిక చీకటి.

"ఏంటిది చీఫ్?"

"అది చెప్పడానికే నీకు జీతం. వరంగల్‌లో సెకండ్‌హ్యాండ్ కెమెరా సామాన్లలో కొన్నాడట. ఇప్పుడు అసలు విషయం విను. డాక్టర్ రాజేశ్వర్ రావు. మన కొత్త రాకెట్ ఇంధనం ఫార్ములా మొత్తం ఆయన తలలోనే ఉంది. ఓ విదేశీ ముఠా ఆయన్ని లేపేయాలని చూస్తోంది. మనకున్న ధైర్యం ఒక్కటే. ఆయన ఫోటో ఇంతవరకూ ఎక్కడా అచ్చు కాలేదు. ముఖం వాళ్లకు తెలీదు. ఆదివారం భార్యతో రామప్ప గుడికి పోతానంటున్నాడు. వద్దంటే వినడు. ఈలోగా ఆ గొట్టం సంగతి తేల్చు."

"లోకల్ కాంటాక్ట్?"

"మిస్ సరోజ్. ముఠాలో మనం నాటిన మనిషి. కోడ్ వర్డ్: 'హనుమకొండకు ఆటో దొరుకుతుందా?' జవాబు: 'ఎక్కేవాళ్లుంటే దొరుకుతుంది.'"

శనివారం పొద్దుటికి మల్లికార్జున్ పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ వేషంలో వరంగల్ రోడ్ల మీద ఉన్నాడు. మెడలో ఎస్సెల్లార్ కెమెరా, నెత్తిన ఉంగరాల విగ్గు. వేసవి ఎండకు విగ్గు కింద తల ఉడికిపోతోంది.

మొదటి స్టూడియోవాడు గొట్టం చూసి ఎన్‌లార్జర్ పార్టన్నాడు. రెండోవాడు సినిమా ప్రొజెక్టర్‌దన్నాడు. మూడోవాడు తిప్పి తిప్పి చూసి, కుట్టుమిషన్‌ది అయి ఉంటుందని తేల్చాడు. మల్లికార్జున్ తన కెమెరా లెన్స్ ముందు బిగించి చూశాడు. మర చక్కగా కూర్చుంది. వ్యూఫైండర్‌లో మాత్రం అదే చీకటి. గాజు చుట్టూ ఓ రింగు ఉంది గానీ, ఎంత తిప్పినా వేళ్లే నొప్పి పుట్టాయి తప్ప అది కదల్లేదు. లండన్‌లో సీక్రెట్ కోడ్‌లు ఛేదించినవాడు, ఒక ఇనప ముక్క ముందు తెల్లముఖం వేసుకుని నిలబడ్డాడు!

సాయంత్రానికి స్టేషన్ రోడ్డులో పాత సామాన్ల బాలకిషన్ దొరికాడు.

"గిదా? గిది నేనే అమ్మిన సార్."

మల్లికార్జున్‌కు ప్రాణం లేచొచ్చింది. "ఏంటిది?"

"నాకేం ఎర్క? ఓ మేడం ఇంట్ల పనామె పాత కెమెరాల డబ్బ తెచ్చి అమ్మింది. ఎన్కనే మేడం కార్ల ఉరికచ్చింది. డబ్బ వాపస్ ఇయ్యిమని ఒక్కటే లొల్లి. అప్పటికే గీ గొట్టం ఒకాయన కొనుక్కపోయిండు. ఆయన ఎట్లుంటడో అడిగింది. చెప్పిన."

ఆ చెప్పడమే కొమురెల్లి ప్రాణం తీసింది. మల్లికార్జున్ పళ్లు కొరుక్కున్నాడు.

"ఆ మేడం ఎలా ఉంటుంది?"

"మేడం లెక్కనే ఉంటది సార్."

"అంటే? పొడుగా, పొట్టా?"

"కార్ల కూసున్నది గద సార్, ఎట్ల తెలుస్తది?"

అతను దిగిన లాడ్జిలో మిస్ సరోజ్ ఎదురుచూస్తోంది. నెమలికంఠం రంగు షిఫాన్ చీర, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. పుట్టినప్పుడు సరోజన. బొంబాయి వెళ్లొచ్చాక సరోజ్.

"హనుమకొండకు ఆటో దొరుకుతుందా?"

"ఎక్కేవాళ్లుంటే దొరుకుతుంది," అంది. గొట్టాన్ని చూసి కిలకిలా నవ్వింది. "గీ పైపు ముక్క కోసమా మల్లీ ఇంత పరేషాన్? నాకియ్యి, ఢిల్లీకి పంపిస్త."

ఆ నవ్వుకు ఒళ్లు మండింది. ఇచ్చేసి పడుకుందామని కూడా అనిపించింది. కానీ పొద్దంతా తనను ఏడిపించిన వస్తువును అంత తేలిగ్గా వదలబుద్ధి కాలేదు. ఆమె వెళ్లాక రింగు సందులో కొబ్బరినూనె పోసి పెట్టాడు.

ఆదివారం తెల్లవారింది. మల్లికార్జున్ కిటికీ ముందు నిలబడి, గొట్టాన్ని కంటికి పెట్టుకుని, ఉన్న బలమంతా ఉపయోగించి రింగు తిప్పాడు.

క్లిక్!

గొట్టం పక్కన చిన్న కిటికీలాంటిది తెరుచుకుంది. చీకటి పోయి వెలుతురొచ్చింది. కానీ ఎదురుగా ఉండాల్సిన కిటికీ, వీధి కనిపించడం లేదు. ఎడమవైపున్న గది తలుపు కనిపిస్తోంది!

లోపల ఏటవాలుగా అద్దం ఉంది. ముందున్న గాజు ఉత్త నాటకం. ఎదురుగా చూస్తున్నట్టు నటిస్తూ పక్కనున్న మనిషిని ఫోటో తీసే దొంగ లెన్స్!

అప్పుడే ఆ తలుపు మెల్లగా తెరుచుకుంది. నెమలికంఠం రంగు చీర. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

మల్లికార్జున్ కిటికీవైపే ముఖం పెట్టి కదలకుండా నిలబడ్డాడు. ఆమె చేయి లేచింది. అతను చటుక్కున నేల మీద బోర్లా పడ్డాడు. గుండు కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. అతను స్టూలు విసిరి లేచేసరికి కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

మనం ముఠాలో నాటిన మనిషి కాదు, ముఠా మనలో నాటిన మనిషి! ఈ లెన్స్ వాళ్ల చేతిలో ఉండేదంటే డాక్టర్ ఫోటో ఎప్పుడో తీసేసి ఉంటారు. అది మనకు తెలిస్తే రామప్ప ప్రయాణం రద్దవుతుంది. అందుకే కొమురెల్లిని చంపారు.

కిందికి ఉరికి చీఫ్‌కు అర్జెంటుగా లైట్నింగ్ ట్రంక్‌కాల్ అడిగాడు.

"లైన్ ఖరాబున్నది సార్," అన్నాడు ఆపరేటర్ తాపీగా. "రిపేరోళ్లు రానియ్యిండ్రి."

రిసీవర్ విసిరికొట్టి జీపెక్కాడు. ములుగు దగ్గర రేడియేటర్ పొగలు కక్కింది. నీళ్ల కోసం దిగితే ఊళ్లో బోరింగు పాడైందట. కిళ్లీకొట్టులో ఉన్న సోడాలన్నీ కొని రేడియేటర్‌లో గుమ్మరించాడు.

పాలంపేట చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. కాలుతున్న బండల మీద వట్టికాళ్లతో గుడి ముందుకు పరుగెత్తాడు. డాక్టర్ రాజేశ్వర్ రావు గొడుగేసుకుని భార్య విమలమ్మకు శిల్పాలు చూపిస్తున్నాడు. మఫ్టీలో ఉన్న గార్డులిద్దరూ శనగలు తింటున్నారు.

"ఏయ్ ఫోటో! ఇటు రా," పిలిచాడు డాక్టర్. "మా ఇద్దర్ది ఒకటి మంచిగ తియ్యి."

తల తిప్పి జనంలో వెతికితే సరోజ్‌కు తెలిసిపోతుంది. వెంటనే కాల్చేస్తుంది. మల్లికార్జున్ గొట్టాన్ని కెమెరాకు బిగించి, లెన్స్ డాక్టర్ వైపు, కిటికీ జనం వైపు తిప్పాడు.

"జర నవ్వుండ్రి సార్. అమ్మా, మీరు కొద్దిగ దగ్గరికి."

వ్యూఫైండర్‌లో బడిపిల్లల గుంపు కనిపించింది. దాని వెనక, నంది మంటపం మెట్ల మీద, గడ్డిటోపీ పెట్టుకున్న దొరసాని. పొడవాటి లెన్స్ ఉన్న కెమెరా కంటికి పెట్టుకుంది. ఆ లెన్స్ చివర గాజు లేదు. తుపాకీ రంధ్రం! టోపీ కింద భుజాల దాకా కత్తిరించిన జుట్టు.

మధ్యలో పిల్లలు. అతను కాల్చడానికి వీల్లేదు. ఆమె వేలు బిగుసుకుంటోంది.

మల్లికార్జున్ గొట్టాన్ని ఊడబీకాడు. పక్క కిటికీని సూర్యుడి వైపు, వెనక కొనను ఆమె వైపు తిప్పాడు. అద్దాన్ని తాకిన ఎండ బాణంలా దూసుకెళ్లి ఆమె కంట్లో పడింది.

టప్!

గురి తప్పింది. డాక్టర్ గొడుగుకు చిల్లు పడింది. మరుక్షణం మల్లికార్జున్ మెట్ల మీద ఉన్నాడు. గార్డులు శనగలు పారేసి ఉరికొచ్చి ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు.

"ఎంత పకడ్బందీగ చేసిన మల్లీ!" అంది సరోజ్ కసిగా. "ఇల్లు సర్దుమంటే ఆ డబ్బ అమ్ముకున్నది మా పనామె!"

మొదటిసారి ఆమె మీద కాస్త జాలి కలిగింది అతనికి. చెమటకు జారిన విగ్గు సర్దుకుని వెనక్కొచ్చాడు. విషయం బయటికి పొక్కకూడదని చీఫ్ ఆర్డర్. డాక్టర్ గొడుగు చిల్లులోంచి ఆకాశం చూస్తున్నాడు.

"ఎవడో పోరడు రాయి ఇసిరిండు," అని విసుక్కున్నాడు. "అది సరే, మా ఫోటో అచ్చిందా?"

"రీలు లేదు సార్."

"రీలు లేకుంటనే ఎండల నిలబెట్టి నవ్వుమన్నవా? నీకు కెమెరా ఎవడిచ్చిండయ్యా?"

విమలమ్మ భర్త చేయి పట్టుకుని పక్కకు లాగింది.

"ఊకోండ్రి, గట్ల తిట్టకుండ్రి. కొత్తగ నేర్చుకుంటాండు కావచ్చు, పాపం."