స్టాన్లీ పెట్టని సంతకం

పటాన్‌చెరులోని కిరాయి ఇంట్లో ఆదివారం పొద్దున స్టాన్లీ నిలబడే ఉప్మా తింటున్నాడు. భార్య బ్యూలా నర్సు ఉద్యోగానికి కెనడా వెళ్లి ఇరవై నెలలు కావస్తోంది. అప్పటినుంచి అతను కుదురుగా కూర్చుని తిన్నది తక్కువ.

భర్తగా అతనికీ అక్కడ పని చేసుకునే పర్మిట్ వస్తుంది. కాకపోతే బ్యూలా మూడేళ్ల పర్మిట్‌లో పదహారు నెలలైనా మిగిలి ఉండగానే దరఖాస్తు చేరాలి. ఈ నెలాఖరుతో ఆ గడువు సరి. తను పనిచేసే మందుల ఫ్యాక్టరీ వాళ్లు అనుభవపత్రం ఇవ్వడం లేదని స్టాన్లీ ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాడు.

అల్లుణ్ణి చర్చికి తీసుకెళ్దామని లక్డారం నుంచి వచ్చిన అత్త ఎలిజబెత్, చొక్కా కోసం బీరువా తెరిచింది. బట్టల కింద కవరు, అందులో అనుభవపత్రం, సంతకం లేని దరఖాస్తు కనబడ్డాయి.

"ఏంది అల్లుడూ ఇది? ఆఫీసోళ్లు ఇస్తలేరంటివి. రెండు నెలల కిందటి తారీఖు ఉన్నది గదా!"

ఎలిజబెత్ కూతురికి వీడియో కాల్ కలిపి, సంగతి రెండు ముక్కల్లో చెప్పి, ఫోను అతని చేతిలో పెట్టి వరండాలోకి వెళ్లిపోయింది.

బ్యూలా ఇంకా డ్యూటీ బట్టల్లోనే ఉంది.

"నా దగ్గరికి రాబుద్ధి అయితలేదా నీకు?"

"గట్ల గాదు."

"మరెట్ల? జెప్పు!"

"భయమైతుంది బ్యూలా. ఈడ నా సంతకం లేనిది మందు గేటు దాటదు. ఆడ గోదాముల డబ్బాలు మోయాల్నేమో. పెండ్లాం పర్మిట్ మీద వచ్చినోడంటరు."

బ్యూలా మెడలోని ఐడీ కార్డు తీసి పక్కన పెట్టింది.

"ఈడ మస్తు దోస్తులున్నరని చెప్తుంటి గదా. ఒక్కరు లేరు. రూముకు పోబుద్ధిగాక బస్సుల ఆఖరి స్టాపు దాంక పోయి, అదే బస్సుల మళ్ల వస్త. నువ్వు పరేషాన్ అయితవని జెప్పలే."

నవ్వుతూ మాట్లాడుతోంది కదా, సుఖంగానే ఉందనుకున్నాడు స్టాన్లీ ఇన్నాళ్లూ. ఒంటరితనమంతా తన ఒక్కడిదేననుకున్నాడు.

ఫోను గోడకు ఆనించి, ఆమె చూస్తుండగానే దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. అనుభవపత్రంతో కలిపి ఫోటోలు తీసి, ఆన్‌లైన్‌లో వేయమని ఆమెకు పంపాడు. జవాబుకు ఇంకా నెలలు పట్టవచ్చు.

"డబ్బాలైనా మోస్త. వస్త," అన్నాడు.

"నడుం నొస్తే రుద్దనీకి నేనున్న," అని నవ్వబోయి ఏడ్చేసింది. "ఫోను పెట్టకు. జెరసేపు గట్లనే ఉండు."

స్టాన్లీ ఫోను ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవాలని కూడా అతనికి తోచలేదు.