ఆయన ఇంకా రాలేదా

నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. మనవరాళ్లు బడికి పోయే వయసులో నేను పలక పట్టాను. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. మీరు మాత్రం గబగబా చదువుకోండి, ఇది పడుచువాళ్ల కథ.

ధరూర్ దగ్గర విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేనులో నవనీత మొదటి రోజే జయపాల్‌తో గొడవ పెట్టుకుంది. అక్కడ ఆడవాళ్లు సాయంత్రం మొగ్గలు ఒలిచి పెడతారు. తెల్లవారి మగ చెట్ల పూలు తెచ్చి ఒక్కో మొగ్గకూ రుద్దుతారు. ఎండ ముదిరితే ఆ పువ్వు పనికిరాదు. మగ పూలు తెంపి, తట్టకెత్తి, సాలు సాలుకూ పంచేది జయపాల్. ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు.

"జయపాల్, గా నడకేంది? పెండ్లి ఊరేగింపుల ఉన్నవా?" అంది నవనీత.

"నీకేం తొందర? మొగ్గలు లేచి ఉరుకుతయా?"

సాలంతా నవ్వింది. తర్వాత రోజూ అదే వరస. జయపాల్, నీ పూలు వాడిపోయినయి. జయపాల్, నా వంతు తక్కువైంది. అతను ఇంకో దోసెడు పోసేవాడు, ఆమె అదీ చాలదనేది.

ఒక పొద్దున అతను తట్ట ఎత్తుకుని గట్టు దిగుతుంటే, చొక్కా భుజం మీద పుప్పొడి ఎండకు మెరిసింది. పిలుద్దామని నవనీత నోరు తెరిచింది. పేరు రాలేదు. వాళ్ల వైపు ఆడవాళ్లు కట్టుకున్నవాని పేరు పలకరు. ఇంకా ఎవరూ తాళి కట్టలేదు, అయినా ఆ పేరు ఆమె నోట్లో తలుపు వేసుకుని కూర్చుంది.

"ఆయన ఇంక రాలేదేంది?" అంది మర్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

ఆ సాలులో పెండ్లయినవాళ్లు నలుగురు. నలుగురికీ మొగుళ్లున్నారు. చేను ఆసామి ఉన్నాడు, మోటరు బాగుచేసే మనిషి ఉన్నాడు. అయినా నలుగురూ ఒక్కసారే మగ చెట్ల దిక్కు తలలు తిప్పారు. ఎవరని ఒక్కరూ అడగలేదు. అందరిలో పెద్దది లక్ష్మీదేవమ్మ మాత్రం, వస్తాడులే, రాకుండా ఎటు పోతాడు అని నవ్వు దాచుకోవడానికి చెట్టు మీదికి వంగింది.

అర్థం కానిది ఒక్క జయపాల్‌కే.

అదే వారం ఆత్మకూరు నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాని పేరు క్రాంతి కుమార్, సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆదివారానికి మాట చెప్పమన్నారు. నవనీత ఆ పేరును సాలులో గడగడా చెప్పేది. క్రాంతి కుమార్ ఫొటో పంపాడట, క్రాంతి కుమార్ దుకాణానికి అద్దాల తలుపులట. జయపాల్ మండిపడి ఒక్క మాటన్నా అంటాడేమోనని ఆమె ఆశ. అతను అనలేదు. పూలు పోసి తల తిప్పకుండా పోయేవాడు. పూత అయిపోగానే పుణెలో కాంక్రీటు పనికి పోతానని లక్ష్మీదేవమ్మతో చెప్పాడట.

ఆ మాట విన్నప్పటి నుంచి నవనీతకు అన్నం సయించలేదు. చేతులు మొగ్గల మీద, కళ్లు గట్టు మీద. నోరు తెరిచి చెప్పాలంటే సిగ్గు, చెప్పకపోతే మనిషే పోతాడు. పక్క సాలులో నిలబడి తట్ట దులుపుతున్నా, అతను అప్పటికే పుణెలో ఉన్నట్టే ఉండేది.

శనివారం వాన పడింది. పుప్పొడి తడిస్తే పని లేదు. ఆడవాళ్లంతా మోటరు కొట్టంలోకి ఉరికారు. జయపాల్ చూరు కిందనే ఆగిపోయాడు, సగం భుజం తడుస్తోంది.

"పెద్దమ్మా, ఆయనను లోపలికి రమ్మను. తడుస్తుండు" అంది నవనీత.

జయపాల్ గిర్రున తిరిగాడు. "నాకు పేరుంది. మొదట్ల పొద్దంత పిలిస్తివి. ఇప్పుడు నేనేం తప్పు చేసిన?"

"ఏం చేయలే."

"మరి ఆ ఆత్మకూరోని పేరు మస్తు పలుకుతవు."

"క్రాంతి కుమార్" అంది ఆమె, తడుముకోకుండా. "ఆ పేరు పలకనీకి నాకేం అడ్డం?"

లక్ష్మీదేవమ్మకు ఓపిక అయిపోయింది. "ఓరి పిలగా, మీ అమ్మ మీ నాయినను ఏమని పిలుస్తది?"

"పేరు ఎందుకు తీస్తది? ఆయన అంటది, లేకుంటే..."

అక్కడ ఆగాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నవనీత గోడ వైపు తిరిగింది.

"నేను పుణెకు పోత లేను" అన్నాడు, వానకు చెప్పినట్టు.

"ఎవరు ఆపిండ్రు?" అని నవనీత గోడనే అడిగింది.

"ఆమె" అన్నాడు జయపాల్.

ఆ సాయంత్రం ఇంట్లో తండ్రి జంగయ్య, ఆత్మకూరోళ్లకు ఏం చెప్పాలె బిడ్డా అని అడిగాడు.

"ఆయన ఉండంగ వాళ్లెందుకు నాయినా" అని నవనీత లోపలి అర్రలోకి పోయింది.

జంగయ్య భార్య వైపు చూశాడు. "ఆయనెవరు?"

"వారం సంది ఈ ఇంట్ల ఇంకో మాటుందా?" అంది హన్మమ్మ. "ఆయన తిన్నడో లేదో, ఆయన తడిసిండో ఏమో."

"నేను ఆసామిని అంటుందనుకుంటి."

"ఆసామి తడిస్తే నీ బిడ్డకేంది?"

జంగయ్య నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. పిల్లవాడు తాగుతాడా, ఇంటి సంగతేంది అని అడిగాడు. తాగడనీ, తల్లిని దవాఖానకు తనే తిప్పుకుంటాడనీ హన్మమ్మ అప్పటికే కనుక్కొని పెట్టింది. జంగయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు.

"పోయి వాళ్లింట్ల అడుగుత. పిలగాని పేరు?"

"జయపాల్" అంది హన్మమ్మ.

"ఏమన్నవమ్మా? ఇనబడలే" అంది నవనీత, అర్రలోంచి.

వినబడకేం. తన నోటికి రాని ఆ పేరు ఇంకొక్కసారి వినాలని.

రంగమ్మ, అరవై ఆరేండ్లు
ఇప్పుడు ఉండేది వనపర్తిలో