అత్తగారి వేషం

ఆ రోజూ కుళాయి గుర్రుమని గాలి వదిలి ఊరుకుంది. నెట్సాయి చంటిదాన్ని వీపుకి కట్టుకుని, బక్కెట్టు పుచ్చుకుని, చర్చి వెనక బోరింగుకి బయల్దేరింది. గేటు తీయబోయి ఆగిపోయింది. గేటు కడ్డీకి ఎర్రగుడ్డ కట్టి ఉంది.

మా హరారే ఊళ్ళో గేటుకి ఎర్రగుడ్డ కట్టారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని. ఆ ఏడాది కలరా పుణ్యమా అని మా వీధిలో ఏదో ఒక గేటుకి ఆ గుడ్డ ఎగురుతూనే ఉంది. కానీ నెట్సాయి ఇంట్లో ఎవరూ పోలేదు. భర్త ఫరిరాయ్ బడిపంతులు, జీతం కోసం చీకటితోనే బ్యాంకు క్యూలోకి వెళ్ళాడు. పూటపూటకీ ధరలు రెట్టింపవుతున్న రోజులు, నెల జీతం చేతికొచ్చేసరికి దాంతో తిరుగు బస్సు టికెట్టు వస్తే అదే గొప్ప. పెద్దపిల్ల, ఆరేళ్ళ చెనాయ్ గుమ్మంలో కూర్చుని వేలు చప్పరిస్తోంది. అత్తగారు మైడెయి లోపలి గదిలో పడుకుంది.

"ఎవరి పాడుబుద్ధి ఇది?" అని తిట్టుకుంటూ ముడి విప్పబోయింది. లాగేకొద్దీ అది ఇంకా బిగుసుకుంది. అందరూ బతికున్న ఇంటికి ఆ గుడ్డ కట్టడం మంచి కోరేవాళ్ళ పని కాదు.

ఇంతలో ఎదురింటి తఫారా తల్లి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఏడుస్తూ రానే వచ్చింది. వెనకే వాళ్ళ పెద్దమ్మాయి, చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం.

"చెనాయ్ అమ్మా! ముసలమ్మ వెళ్ళిపోయిందా తల్లీ! నిన్న సాయంత్రం కూడా నన్ను చూసి చెయ్యూపిందే!"

లేదు అన్న మాట నెట్సాయి నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే గాలికి పళ్ళెం మీది గుడ్డ తొలగింది. చావింటికి పట్టుకొచ్చే మొక్కజొన్న పిండి. తెల్లగా, మెత్తగా, ఒక దోసెడు. ఆ ఇంట్లో పిండి మొహం చూసి చాలా రోజులైంది. అడవి పళ్ళు ఉడకబెట్టుకుని, అవే తిని, ఆ నీళ్ళు తాగి పడుకుంటున్నారు. చెనాయ్ గుమ్మంలోంచి లేచి వచ్చి, ఏమీ అనకుండా ఆ పళ్ళేన్నే చూస్తూ నిలబడింది.

నెట్సాయి నోరు మూసుకుంది.

*

లోపలికెళ్ళి గది తలుపు తోసింది. అత్తగారు చాప మీద నిటారుగా పడుకుని ఉంది. తలమీద చర్చి తెల్లటోపీ. ఒంటి మీద మహిళా సంఘం ఎర్ర జాకెట్టు, సమాధిలోకి వేసుకెళ్ళడానికని పెట్టె అడుగున దాచుకున్నది. దానికి ఒకటే చెయ్యి ఉంది. రెండో చెయ్యి భుజం దగ్గర చించేసి ఉంది. బయటపడ్డ చెయ్యి ఎండుపుల్లలా పక్కన పడి ఉంది.

గేటుకున్నది ఏ గుడ్డో నెట్సాయికి అర్థమైంది.

"అత్తమ్మా, ఏంటిది?"

"తలుపెయ్యి పిల్లా," కళ్ళు తెరవకుండానే అంది మైడెయి. "చచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నావంటే జడుసుకుంటారు."

"మీరు చావలేదు!"

"పొద్దు గూకేలోపు అదీ అయిపోతుందిలే. కాళ్ళు చల్లబడ్డాయి, చూసుకో. పిండి ముందు రావాలని గుడ్డ ముందు కట్టాను."

"పిచ్చెక్కిందా మీకు?"

"నాకు కాదు, రోజులకి. ఇవాళ ఉన్నది రేపుండటం లేదు. నేను వచ్చే వారం పోతే ఈ వీధిలో ఎవరింట్లో పిండి మిగిలుంటుంది, నీకు తెచ్చివ్వడానికి? చావైనా సరే, ధర పెరక్కముందే కానిచ్చుకోవాలి. వెళ్ళు, వెళ్ళి ఏడు. నా పరువు తియ్యకు."

"నిన్న నేనన్నదానికా ఇదంతా?"

నిన్న సాయంత్రం పిల్ల ఆకలని ఏడుస్తుంటే, ఈ ఇంట్లో ఒక్క నోరు తక్కువైనా బాగుండు దేవుడా అని నెట్సాయి పైకే అనేసింది. గోడ పల్చటిది.

బయట అప్పటికే పాట మొదలైంది. నెట్సాయి తలుపు దగ్గరగా వేసి, కొడుకు వచ్చేదాకా ఎవరూ చూడకూడదని చెప్పింది. అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు ఆమెకే భయం వేసింది.

ముందుగదిలో సామాను బయటకి చేర్చారు. ఆడవాళ్ళు నేలమీద కూర్చున్నారు. మగవాళ్ళు వాకిట్లో నిప్పు వేశారు. వచ్చినవాళ్ళందరూ తలా గిద్దెడు, సోలెడు పిండి తెస్తున్నారు. ఎక్కడ దాచారో, ఏ పిల్లల నోటి ముందునుంచి తీశారో! అన్నీ ఒక్క పెద్ద కుండలో పడ్డాయి. సంకటి వాసన లేచేసరికి ఏడుస్తున్నవాళ్ళు కూడా ఒక్క క్షణం ఏడుపాపి ఆ వైపు తిరిగారు. మూసిన తలుపు వెనకనుంచి మాత్రం చప్పుడు లేదు. పాట మధ్యలో ఎప్పుడు ఊపిరి తీసుకున్నా, నెట్సాయి చెవులు ఆ తలుపు దగ్గరే ఉన్నాయి.

"ఏమమ్మా కోడలా, కూర్చున్నావేం?" అంది తఫారా తల్లి ముక్కు చీదుకుంటూ. "ముసలమ్మని ఇలా మొహాలు వేలాడేసుకుని పంపిస్తామా? లే, వేషం కట్టు!"

చావింట్లో కోడలి పని అది. పోయినావిడ గుడ్డలు కట్టుకుని, ఆవిడ నడక, మాట, తిట్టు అన్నీ చేసి చూపించాలి. ఏడ్చేవాళ్ళని నవ్వించాలి. చెయ్యకపోతే ఆ కోడలికి అత్తమీద ప్రేమ లేదంటారు.

"నావల్ల కాదు వదినా."

"కాదంటే ఊరుకోం. పోయినేడాది మా అత్తకి నేను కట్టలేదా? నువ్వే పగలబడి నవ్వావు!"

ఎవరో అత్తగారి శాలువా తెచ్చి భుజాన వేశారు. కర్ర చేతికిచ్చారు. నెట్సాయి లేచింది. నడుం వంచి, కుడికాలు ఈడుస్తూ నాలుగడుగులు వేసింది. గది నవ్వులతో ఘొల్లుమంది. ఉత్తుత్తి నోటు ఒకటి వెలుగుకెత్తి పట్టుకుని, "ఒరే ఫరిరాయ్, ఇన్ని సున్నాలు తెచ్చావు, వీటిని వేయించమంటావా, ఉడకబెట్టమంటావా?" అంది. అచ్చం ఆ గొంతే. పాడుతున్నవాళ్ళు కడుపులు పట్టుకున్నారు. లోపల చాపమీద పడుకున్న మనిషి ఇదంతా వింటోందన్న సంగతి నెట్సాయికి ఒక్కతెకే తెలుసు.

"అన్నం దగ్గర ఎలా చేసేదో చెయ్!" అని అరిచిందొకావిడ.

నెట్సాయి కూలబడింది. లేని పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుంది. దాన్ని అలాగే చెనాయ్ ముందుకి జరిపి, పొట్టమీద రెండుసార్లు తట్టుకుంది. "నేను తిన్నానమ్మా, ఇందాకే తిన్నాను. మీరు తినండి, మీరు తినండి."

నవ్వులు. "మళ్ళీ! మళ్ళీ చెయ్!"

"నేను తిన్నానమ్మా, ఇందాకే..."

చెయ్యి పొట్టమీదే ఆగిపోయింది. ఎప్పుడు? కుండ ఒకటే. గరిటె తన చేతిలోనే. వడ్డించేది తానే. అత్తగారు ఇందాక తినడానికి ఆ ఇందాక అనేది ఏది? ఆ ముసలిది ముద్ద నోట్లో పెట్టుకోగా చూసి ఎన్నాళ్ళైంది? ఎంత వెతుక్కున్నా నెట్సాయికి ఒక్క పూట కూడా గుర్తుకు రాలేదు. ప్రతి పూటా ఆ మాట విని, హమ్మయ్య అనుకుని, ఆ పళ్ళెంలోది పిల్లలకి పెట్టింది.

కర్ర విసిరేసి లోపలికి పరిగెత్తింది.

"అత్తమ్మా!"

పలుకు లేదు. బయటపడ్డ చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. కుదిపింది. తల అటూ ఇటూ వాలింది. చెప్పినట్టే చేసేసింది అనుకుని నెట్సాయి ఆ ఎర్ర జాకెట్టు మీద పడి గుండెలు పగిలేలా ఏడ్చింది. ఆ ఏడుపులో వేషం లేదు. ముందుగదిలో నవ్వులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"నేనంతేం కుంటను," అంది ఎక్కడో లోతులోంచి ఓ గొంతు.

నెట్సాయి తలెత్తింది.

"కాలు అంత ఈడుస్తానా నేను? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"మీకేం పోయేకాలం వచ్చింది!" అని అరిచింది నెట్సాయి. కోపం, ఏడుపు కలిసిపోయి ఏది ఏదో తెలీలేదు. "నా కళ్ళముందే కడుపు ఎండబెట్టుకున్నారు. రోజూ నాతో అబద్ధం ఆడారు. ఆ పాపిష్టి మాట నేనే అన్నాను, నా నోరు పడిపోను. ఒక నోరు తక్కువైన ఇల్లు నాకొద్దు. లెండి!"

"పిండి తిరిగిచ్చెయ్యాలి అప్పుడు..."

"లెండి అంటున్నానా!"

ఎత్తితే చంటిపిల్ల బరువు కూడా లేదు. నడుం చుట్టూ చెయ్యి వేసి గుమ్మంలోకి తీసుకొచ్చింది. తెల్లటోపీ, ఒంటి చేతి జాకెట్టు. గదిలో ఒక్క కేక లేచింది. ఒకావిడ గోడ దాకా దేక్కుంటూ పోయింది. వాకిట్లో మగవాళ్ళు నిప్పు వదిలి గేటు దాటారు. పెద్దరికం ఉన్నవాళ్ళే ముందు దాటారు.

తఫారా తల్లి ఒక్కతే కదల్లేదు. దగ్గరికొచ్చి, ఆ ఎండుచేతిని ఒక వేలితో తాకింది. తర్వాత అరచేతితో పట్టుకుంది.

"ఉంది," అంది మెల్లగా. "మనిషే."

నెట్సాయి దాచకుండా చెప్పేసింది. గుడ్డ సంగతి, పిండి సంగతి, తను మూసుకున్న నోటి సంగతి. "మీ పిండి మీరు తీసుకెళ్ళండి. మమ్మల్ని తిట్టిపోండి," అంది.

కుండలో సంకటి గుబగుబమంటోంది.

"అందులో నా పిండి ఏదో నువ్వు ఏరిస్తావా?" అంది తఫారా తల్లి. "ఏడ్చిన ఏడుపు వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు. ముసలమ్మా, ఇది నీ చావు కూడు. నువ్వు తినకుండా మేమెవ్వరం ముట్టం."

వేడివేడి ముద్ద పళ్ళెంలో పెట్టి ముందు పెట్టారు. మైడెయి చెయ్యి అలవాటుగా పళ్ళేన్ని చెనాయ్ వైపు జరిపింది. రెండో చెయ్యి పొట్టమీదకి వెళ్ళింది.

"నేను తిన్నానమ్మా..."

"లేదు!" అన్నారు గదిలో ఆడవాళ్ళందరూ ఒక్క గొంతుతో.

నెట్సాయి ముద్ద చిదిపి, ఊది, అత్తగారి నోట్లో పెట్టింది. ఆవిడ నమలడం మరిచిపోయినదానిలా కాసేపు అలాగే ఉంది. తర్వాత దవడ కదిలింది. కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారాయి. అందరూ ఆ గొంతుకలోంచి ముద్ద దిగేదాకా చూసి, అప్పుడు పళ్ళేలు అందుకున్నారు.

సాయంత్రం ఫరిరాయ్ క్యూలోనే కబురు విని, తల్లిని పోగొట్టుకున్నవాడిలా పరిగెత్తుకుంటూ వచ్చేసరికి గేటు దగ్గర తల్లే నిలబడి ఉంది. ఎంత లాగినా నెట్సాయికి ముడి రాలేదు మరి. అది ఆవిడ ఒక్కదానికే తెలిసిన ముడి. కోడలు భుజం ఆసరాగా పట్టుకుని, వణికే వేళ్ళతో తన జాకెట్టు చెయ్యిని తనే విప్పుకుంటోంది.

ఆ ఏడాది మా వీధిలో, ఎర్రగుడ్డ ఎవరి కోసం కట్టారో వాళ్ళే వచ్చి విప్పుకున్న గేటు అదొక్కటే.