మడిమె మీది సైకిల్ మచ్చ

కండ్లార చూసిన ముచ్చట తప్ప నేను చెప్పను. కోరుట్ల బస్టాండుల ఎవల్నన్న అడుగుర్రి, గీ తాత నోట్లె అబద్ధం పుట్టదంటరు. గందుకే కొరియా దేశపు స్నానాలింటి కత నేను చెప్తెనే నమ్మాలె.

సిరిసిల్ల పిలగాడు రవీందర్ మగ్గాల మిషన్లు బాగుచేసుడు నేర్చుకుందామని కొరియా పోయిండు. అక్కడున్నన్ని దినాలు చెవుల ఒక్క తెలుగు మాట పడలె. అద్దంల మొఖం చూసుకొని "ఏమ్రా, తిన్నవా?" అని తనను తనే అడుక్కునేటోడు. తెల్లారితే వాపస్ ప్రయాణం. "పోయే ముందు మా స్నానాలింటికి పోయి రా" అన్నరు ఫ్యాక్టరోళ్లు. ముసురుల తడుసుకుంట పోయిండు.

మొగోళ్ల దిక్కు అడుగు వెట్టంగనే పానం జల్లుమన్నది. ఒంటి మీద నూలుపోగు లేకుండ అందరు వేడినీళ్ల తొట్టిల కూసున్నరు. మాట లేదు, నవ్వు లేదు. ఆవిరిల తలకాయలు మాత్రం నీళ్ల మీద తేలుతున్నయ్. మనోడు బనీనుతోని దిగవోతే గన్ని తలకాయలు ఒక్కపారే ఇటు తిరిగినయ్. బనీను ఇడిసిండు. మానం ఆవిరే కాపాడింది.

స్నానమైనంక ఆడోళ్లకు, మొగోళ్లకు ఒకటే తీరు లాగు, అంగీ, తలా ఓ తువ్వాల. ముంగట పెద్ద హాలు. జనం నేల మీద వరుసగ పండుకున్నరు. ఊపిరి తీస్తున్నరో లేదో తెల్వది. హాలు చివర్న కుమ్మరోళ్లు కుండలు కాల్చే ఆము అసొంటి మట్టి గది, వంగితెనే పట్టే తలుపు. అందుల కూసొని చెమట కారిస్తరట.

వంగి దూరిండు. చీకటి. మూలకు ఎర్ర లైటు బుగ్గ ఒక్కటే.

"కొండగట్టు అంజన్నా, కాలిపోతున్న!"

"అంజన్న గింత దూరం రాడు గని, తలుపెయ్యి. వేడి పోతాంది."

ఆడగొంతు. అచ్చం మన దిక్కు మాట.

రవీందర్ అటు తిరిగిండు. గోడ పక్కకు ఓ ఆకారం నిలవడ్డది. తల మీంచి భుజాల దాక తువ్వాల. మొఖం లేదు. దెయ్యాన్ని పాదాలు చూసి పట్టాలెనని నాయనమ్మ చెప్పింది యాదికచ్చి కిందికి చూసిండు.

మడిమెలు ఇటున్నయ్. వేళ్లు అటున్నయ్.

"ఏందయ్యా, గట్ల బిగుసుకపోయినవ్? కూసో."

"నువ్... నువ్ ఎప్పుడు సచ్చిపోయినవ్?"

"ఏంది?"

జవాబు చెప్పడానికి రవీందర్ అక్కడుంటే గద!

బయట కూసొని చెమట తుడుసుకున్నంక బుర్ర పనిచేసింది. ఆమె గోడ దిక్కు మొఖం పెట్టి నిలవడ్డది, గంతే. ఇంకోటి, ఎర్ర వెలుగుల కుడి మడిమె మీద నెలవంక అసొంటి మచ్చ కనవడ్డది. చిన్నప్పుడు సైకిల్ ఎన్క కూసొని చక్రం పుల్లల్ల కాలు ఇరికిచ్చుకున్నోళ్ల మచ్చ అది. తన కాలికి గూడ ఉంది. దెయ్యాలు సైకిల్ ఎన్క కూసుంటయా?

మళ్ల ఉరికిండు. గది ఖాళీ.

పేరు తెల్వది, మొఖం తెల్వది. హాలు నిండ ఒకే తీరు బట్టలు, మొఖాల మీద తువ్వాలలు. ఇయ్యాల దొరక్కుంటె ఇగ దొరకది.

తెలిసింది మడిమె ఒక్కటే. వరుస ఎంబడి వంగి పాదాలు చూసుకుంట పోయిండు. తెల్లటి పాదాలు, మెదలని పాదాలు. ఓ ముసలాయన కాలు గబుక్కున ముడుసుకున్నడు. పక్క పాదమొకటి దానంతటదే ఇటు తిరిగింది. రవీందర్ రోమాలు లేసినయ్.

"చెప్పుల దుకాణం పెడుతున్నవా?"

ఎన్కకు తిరిగిండు. తువ్వాల ఇప్పుడు భుజం మీద ఉంది. ఎర్రగ కందిన మొఖం, వానకు తడిసినట్టు మెరిసే కండ్లు, చేతిల ఉడికిన కోడిగుడ్డు.

"నీ కాలి మచ్చ... సైకిలే గద?"

"మా బాపు సైకిల్. నీది?"

"మా మామది. ముస్తాబాద్ పోతుంటె ఇరికింది."

"బతికున్నదాన్ని సచ్చిపోయినవా అంటివి?"

"తప్పైంది. ఇంకొంచెం మాట్లాడు. తిట్టినా మంచిదే. తెలుగుల తిట్టు."

ఆమె గుడ్డును అతని నెత్తి మీద టప్పున కొట్టి పలగ్గొట్టింది. "తిను. గిక్కడ గిట్లనే పలగ్గొడ్తరు. నా పేరు స్వరూప, మాది కోరుట్ల. సదువు గీ ఎండకాలంకు అయిపోతది."

"నేను రేపు పోతున్న."

"పో. నేనచ్చే దినం జగిత్యాల బస్టాండుల నిలవడు. చెప్పులు లేకుండ దిగుత, గుర్తువట్టు."

దిగింది. గుర్తువట్టిండు. రెండూళ్లకు నడిమిట్ల అని జగిత్యాలలనే పెండ్లి చేసిర్రు. మెట్టెలు తొడగవోయి రవీందర్ ఆ పాదాల దిక్కు చూసుకుంట ఉండిపోయిండు.

"ఇప్పుడెటు తిరిగున్నయ్?" అని నవ్వింది స్వరూప.

"ఎటు తిరిగుంటేంది, నా దిక్కే నడిచొచ్చినయ్."

ఇగ నా సంగతి. కొరియా నేనేడ చూసిన! మల్యాల దాటితెనే నాకు బస్సుల కడుపు తిప్పుతది. పెండ్లి బంతిల స్వరూప చెప్తె విన్న కత ఇది. గుడ్డు నిజం, మచ్చ నిజం, మడిమెలు ఇటుండుడు నిజం. ఒక్కటే నేను కల్పించిన. "నేను గోడ దిక్కు ఎందుకు చూస్త తాతా? తలుపు దిక్కే మొఖం పెట్టి నిలవడ్డ" అన్నది ఆ పిల్ల. మీరు జడుసుకుంటరని ఆమెను గోడ దిక్కు తిప్పింది నేనే.